కరెంటు బిల్లు యాప్ ఐకాన్ మాయమైందా? అది ఫోన్‌లోనే ఉంది

అన్నా, కరెంటు కట్ చేస్తామంటూ వచ్చిన మోసపు మెసేజ్ చూసి మీ నాన్న నొక్కిన ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫోన్‌లోకి ఎక్కే యాప్ ఫైల్) పోలేదు, ఐకాన్ దాచుకుని కూర్చుంది, ఓటీపీలు ఆ మోసగాళ్లకు చేరుతుండొచ్చు.

1. ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆపండి.

2. సెట్టింగ్స్‌లో యాప్స్ లిస్టు మొత్తం చూసి ఆ యాప్‌ను తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే చాలామంది అక్కడే వదిలేస్తారు, అలా వదలొద్దు! సెట్టింగ్స్ సెర్చ్‌లో 'డివైస్ అడ్మిన్' (యాప్‌లకు ఫోన్‌పై ప్రత్యేక అధికారం ఇచ్చే చోటు) అని వెతికి, ఆ యాప్ పక్కనున్న టిక్కు తీసేసి మళ్లీ ప్రయత్నించండి, అప్పుడు పోతుంది.

3. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి పాస్‌వర్డ్, పిన్ మార్చండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

తప్పులతడకగా ఉన్న ఆ మెసేజ్ నాన్నకు గట్టిగా చదివి వినిపించండి: "ప్రియమైన విద్యుత్, మీ వినియోగదారుడు ఈ రాత్రి కత్తిరించబడును". మా అనంతపురంలో ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం, మా అమ్మ ఇప్పుడు అలాంటివి తనే పట్టేస్తోంది.