విజయవాడ కేంద్రంగా చిన్న చార్టర్ సంస్థకు ఏ విమానాలు తీసుకోవాలి?

విజయవాడ కేంద్రంగా చిన్న చార్టర్ సంస్థ (అడిగినవారికి విమానం అద్దెకు నడిపేది) పెట్టేవారు జెట్ తీసుకోవాలా, టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజనుతో ప్రొపెల్లర్ తిరిగే విమానం) తీసుకోవాలా అని అడిగారు. గన్నవరంలో ఒక చార్టర్ సంస్థకు కొన్నేళ్లు గ్రౌండ్ వ్యవహారాలు చూసిన అనుభవంతో చెబుతున్నాను: ఏ విమానానికి లైసెన్సున్న ఇంజనీరూ విడిభాగాలూ దగ్గరలో దొరుకుతాయో దాన్నే తీసుకోండి. వేగం, సీట్లు, లోపలి తోలు సోఫాలు ఆ తర్వాతి సంగతి.

మన దగ్గర చార్టర్ అడిగేవారు ఎక్కువగా వెళ్లేది తిరుపతికి, విశాఖకు, హైదరాబాదుకు. వాటిలో దూరమైన తిరుపతి కూడా గాలిదారిన దాదాపు 350 కిలోమీటర్లే. అంత చిన్న దారిలో జెట్ పైకెక్కి కుదురుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి కనుక, కలిసొచ్చేది పది పదిహేను నిమిషాలకు మించదు.

ఒక మే నెలలో గుంటూరు మిర్చి వ్యాపారి కుటుంబం తిరుమలలో మర్నాటి పెళ్లికోసం మా విమానం మాట్లాడుకుంది. తెల్లవారుజామున కెప్టెన్ విమానం చుట్టూ తిరిగి చూస్తూ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టార్చి వెలుగులో టైరు మీద వేలు పెట్టి చూసి తల అడ్డంగా ఊపారు. గాటులోంచి లోపలి పోగులు కనిపిస్తున్నాయి. మామూలు రకం విమానమైతే హైదరాబాదులో ఎవరినో ఒకరిని బతిమాలి చక్రం తెప్పించేవాళ్లం. మా యజమాని మోజుపడి తెచ్చిన రకం చుట్టుపక్కల ఎవరికీ లేకపోవడంతో చక్రమూ, దాన్ని బిగించి సంతకం పెట్టే అధికారమున్న ఇంజనీరూ బెంగళూరు నుంచి రావలసి వచ్చింది. అవి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది, ఎండ 44 డిగ్రీలు. గన్నవరం రన్‌వే 3,360 మీటర్లు కాబట్టి పొడవుకు కొదవ లేదు గానీ, ఒక ఇంజన్ ఆగినా రెండోదానితో ఎక్కగలగాలన్న లెక్క ఆ వేడిలో కుదరలేదు. విమానాల లెక్కలకు ప్రమాణంగా తీసుకునే 15 డిగ్రీల నుంచి 45కు చేరితే గాలి సాంద్రత దాదాపు పదో వంతు పడిపోతుంది, ఇంజన్ బలమూ తగ్గుతుంది. చివరికి పెట్టెలన్నీ దించి కార్లలో పంపించాం. "పొద్దున్నే ఆ కార్లలోనే మేమూ బయలుదేరి ఉంటే ఈపాటికి కొండమీద ఉండేవాళ్లం కదా బాబూ" అని వాళ్ల నాయనమ్మగారు అన్నప్పుడు మా మేనేజరు గారు ఫోను చెవిలో పెట్టుకుని పక్కకు వెళ్లిపోయారు.

అందుకే నా ఓటు కింగ్ ఎయిర్ బీ200 తరహా టర్బోప్రాప్‌కు, అదీ ఒకే రకం రెండింటికి. రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉండాలని ఎన్నికల కాలంలో పార్టీల వాళ్లు ఎలాగూ పట్టుబడతారు. దానికుండే పీటీ6 ఇంజన్లు సెస్నా క్యారవాన్‌కు, పిలాటస్ పీసీ-12కు, ట్విన్ ఆటర్‌కు కూడా ఉంటాయి కనుక ఆ ఇంజన్ల మీద చేయి తిరిగిన మెకానిక్కులు దొరుకుతారు. కాన్పూరులో ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్ తయారుచేసే 19 సీట్ల డోర్నియర్ 228 గట్టి విమానమే, కానీ క్యాబిన్ ప్రెషరైజ్డ్ కాదు, అంటే లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేక ఎక్కువ ఎత్తుకు వెళ్లలేదు. వేసవి మధ్యాహ్నం నల్లమల మీదుగా తక్కువ ఎత్తులో కుదుపులు తిన్న పెద్దమనిషి మళ్లీ మీకు ఫోన్ చేయడు.

2024 నవంబర్ 9న పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ సీప్లేన్ ఎగిరినప్పటి నుంచి ప్రతి ఒక్కరూ నన్ను సీప్లేన్ గురించే అడుగుతున్నారు. ప్రదర్శన చూడముచ్చటగానే ఉంది. నీటి మీద దిగే విమానానికి రోజువారీ కడుగుడు, తుప్పు తనిఖీ ఖర్చు ఎంతో మాత్రం వారిలో ఒక్కరూ అడగరు. మన ఊరు కేంద్రంగానే 2013లో మొదలై 2017లో ఆగిపోయిన ఎయిర్ కోస్టా ఎంబ్రేయర్ జెట్లను నడిపింది. అది షెడ్యూల్డ్ సంస్థ, అంటే వేళల పట్టిక ప్రకారం టికెట్లు అమ్మి నడిపేది, కాబట్టి దాన్ని చూసి చార్టర్ లెక్కలు వేయకండి.

ముఖ్యంగా ఇంధనం విషయంలో. గరిష్ఠ టేకాఫ్ బరువు 40,000 కిలోల లోపున్న విమానాలకు పోసే ఏటీఎఫ్ (విమాన ఇంధనం) మీద అమ్మకపు పన్నుకు కేంద్ర చట్టం పెట్టిన తక్కువ పరిమితి షెడ్యూల్డ్ సంస్థలకే వర్తిస్తుంది. అదే బంకులో అదే ఇంధనం పోయించుకునే చార్టర్ వాళ్లకు ఆ పరిమితి లేదు, రాష్ట్రం ఎంత వేస్తే అంత పన్ను కట్టాలి. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో ఈ పన్నునే వేసి, గంటకు ఎంత ఇంధనం తాగుతుందో ఆ అంకెతో గుణించి చూడండి. జెట్ బ్రోచర్ ఇచ్చిన ఏజెంటు ముందే కూర్చుని చేస్తే ఇంకా మంచిది.