తలల లెక్కలో పోయిన క్లాసు

ప్రశ్న: మేం కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటాం. ఖర్చు కలిసొస్తుందని మా అబ్బాయిని రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో చదివించి, తర్వాత యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి) ట్రాన్స్‌ఫర్ చేయిద్దామనుకున్నాం. వాడిది మెకానికల్ ఇంజనీరింగ్, ఇది రెండో ఏడు. సెమిస్టర్ ఇంకో నాలుగు రోజుల్లో మొదలవుతుందనగా డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ క్లాసు రద్దయిందని మెయిల్ వచ్చింది. పదకొండు మందే చేరారట. యూనిట్లు (క్రెడిట్లు) తగ్గకుండా ఖాళీ ఉన్న వేరే క్లాసు ఏదైనా తీసుకోమన్నారు. కాలేజీకి పిల్లల చదువు కంటే డబ్బే ఎక్కువా? వాణ్ణి ఇక్కడ చేర్చి తప్పు చేశామా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: తప్పేమీ చేయలేదమ్మా. ఆ క్లాసు పోవడానికి మీ అబ్బాయి చదువు గానీ, ఆ టీచరు పనితనం గానీ కారణం కాదు. ఆగస్టు వచ్చిందంటే ఇలాంటి మెయిల్ ఫోన్‌లో చూపిస్తూ పిల్లలు నా ఎదురుగా కూర్చుంటారు. స్క్రీన్ మీద ఆ క్లాసు పక్కన 40కి 11 అని ఉంటుంది. మర్నాటికి ఆ వరసే ఉండదు.

మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి మీకు తెలిసిందే: విద్యార్థి ఎక్కడ చేరితే డబ్బు అక్కడికి వెళుతుంది. ఇక్కడి పద్ధతి వేరే అయినా ఆ పోలిక కొంత పనికొస్తుంది. మీరు కట్టేది యూనిట్‌కు 46 డాలర్లే. కాలేజీ నడిచేది ముఖ్యంగా రాష్ట్రం ఇచ్చే నిధులతో, స్థానిక ఆస్తి పన్నులతో. ఎంత రావాలో ఎక్కువగా తేల్చేది ఎఫ్‌టీఈఎస్ అనే లెక్క. అంటే ఎంతమంది ఫుల్‌టైమ్ విద్యార్థులకు సమానం అని. 525 క్లాసు గంటలైతే ఒకటి. వారానికి మూడు గంటల క్లాసులో పదిమంది ఉంటే సెమిస్టర్‌కు దాదాపు ఒక ఎఫ్‌టీఈఎస్. ఈమధ్య దానికి మూల రేటు సుమారు 5 వేల డాలర్లు. అదే గదిలో, అదే టీచరు ముందు నలభైమంది కూర్చుంటే దానికి నాలుగు రెట్లు. పదకొండు మంది క్లాసును డీన్ ఎందుకు తీసేశారో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. నాకూ అర్థమవుతుంది, అయినా బాధ తగ్గదు.

ఎందుకంటే దెబ్బ తగిలేది ఎప్పుడూ రెండో ఏటి క్లాసులకే. మొదటి ఏడు ఇంగ్లిష్‌, స్టాటిస్టిక్స్ క్లాసులు ఎలాగూ నిండుతాయి. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌, లీనియర్ ఆల్జీబ్రా, ఇంజనీరింగ్ స్టాటిక్స్ దాకా వచ్చేసరికి మిగిలేది కొద్దిమంది. ట్రాన్స్‌ఫర్‌కు తప్పనిసరి అయినవేమో అవే.

ఇంకో సంగతి. చాలా క్లాసుల్లో తలలు లెక్కబెట్టేది ఒక్క రోజే. దాన్ని సెన్సస్ డే అంటారు. క్లాసు ఐదో వంతు గడిచాక, అంటే మామూలు సెమిస్టర్‌లో మూడు నాలుగు వారాలకు వస్తుంది. ఆ తర్వాత పిల్లాడు మానేసినా ఆ లెక్క మారదు. అందుకే రిజిస్ట్రేషన్ రోజుల్లో ఫోన్లు, మెసేజ్‌లు, పోస్టర్లతో కనిపించే హడావిడి అక్టోబర్‌లో మిడ్‌టర్మ్ పోయిన పిల్లాడి విషయంలో కనిపించదు. వాణ్ణి పిలిచి కూర్చోబెట్టి చెప్పే టీచర్లు ఉన్నారు, చాలామంది ఉన్నారు. కానీ అది వాళ్ళ మంచితనం, ఆ లెక్క చేయించే పని కాదు.

ఆ టీచర్ల పరిస్థితీ చూడండి. పార్ట్‌టైమ్ వాళ్ళకు ఒకే కాలేజీ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఒకే యాజమాన్యం కింద, ఫుల్‌టైమ్ పనిలో 67 శాతం మించి ఇవ్వకూడదని చట్టం. బతకడానికి రెండు మూడు కాలేజీలు తిరుగుతారు. 'ఫ్రీవే ఫ్లయర్స్' అని వాళ్ళకో పేరే ఉంది. కారు డిక్కీయే ఆఫీసు: ఒక డబ్బాలో ఒక కాలేజీ పేపర్లు, ఇంకో డబ్బాలో ఇంకో కాలేజీవి. క్లాసు రద్దయితే మీ అబ్బాయికి ఒక సబ్జెక్ట్ పోయింది, అది చెప్పాల్సిన టీచరమ్మకు ఆ నెలల అద్దె డబ్బు పోయింది. క్లాసు అయ్యాక ఆగి డౌట్ చెప్పే తీరిక ఆమెకు ఎక్కడిది?

అలాగని ఈ పద్ధతి అంతా చెడ్డదని నేననను. తలకింత అని డబ్బు రాబట్టే కాలేజీలు సాయంత్రం క్లాసులు, ఆన్‌లైన్ క్లాసులు పెడతాయి, ఉద్యోగం చేసుకునే తల్లినీ, ముప్పై ఏళ్ళకు మళ్ళీ చదువుకొచ్చినవాణ్ణీ రమ్మంటాయి. కాకపోతే కోవిడ్ రోజుల్లో రాష్ట్రంలో 3 లక్షల మందికి పైగా పిల్లలు తగ్గేసరికి, తలల మీద ఆధారపడడం ఎంత ప్రమాదమో అందరికీ తెలిసొచ్చింది. అంతకుముందే, 2018లో, రాష్ట్రం నిధులు పంచే ఫార్ములా మార్చింది: సుమారు 70 శాతం చేరికలకు, 20 శాతం పేద విద్యార్థుల సంఖ్యకు, 10 శాతం డిగ్రీలు, ట్రాన్స్‌ఫర్‌ల వంటి ఫలితాలకు. నన్నడిగితే ఆ పది చాలా తక్కువ. టెక్సస్ 2023లో ఎక్కువ భాగం ఫలితాలకే ముడిపెట్టింది. అక్కడ మార్కులు ఉదారంగా వేసి పాస్ చేయించే ఒత్తిడి రాకుండా చూసుకోవాలి.

ఇక మీ అబ్బాయి సంగతి. "ఖాళీ ఉన్న క్లాసు ఏదైనా" తీసుకోవద్దు. యూనిట్లు నిండుతాయి, ట్రాన్స్‌ఫర్‌కు పనికిరావు. ఈ వారమే కాలిఫోర్నియా వర్చువల్ క్యాంపస్‌లో వెతకమనండి. రాష్ట్రంలోని వేరే కమ్యూనిటీ కాలేజీల ఆన్‌లైన్ క్లాసులు అక్కడ దొరుకుతాయి. పక్క కాలేజీల్లో ఆలస్యంగా మొదలయ్యే క్లాసులూ చూడమనండి. ఏది దొరికినా, వాడు కోరుకునే యూసీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో అసిస్ట్ వెబ్‌సైట్‌లో సరిచూశాకే చేరాలి.

ఎక్కడా దొరకకపోతే దీని తర్వాత వచ్చే స్ప్రింగ్ సెమిస్టర్ ఆఖరి అవకాశం, మళ్ళీ రద్దయితే ఏడాది పోతుంది. అందుకని ఆ పదకొండు మందీ కలిసి మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ చెయిర్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టాలి: స్ప్రింగ్‌లో ఈ క్లాసు మాకు ట్రాన్స్‌ఫర్‌కు తప్పనిసరి, అందరం చేరతాం అని. రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే చేరాలి, పదిహేను రోజులు ఆగి కాదు. తక్కువమంది ఉన్నా చివరి ఏటి పిల్లల కోసం క్లాసు నడపడం చాలా కాలేజీల్లో ఉంది, కానీ ఎవరికి అవసరమో కాలేజీకి తెలియాలి కదా. ఏ సెమిస్టర్‌లో ఏ క్లాసులో రాసుకునే వాడి ఎడ్యుకేషన్ ప్లాన్ కౌన్సెలర్ దగ్గర ఫైల్ అయిందో లేదో కూడా చూడండి, అది లేకపోతే ముందు వరసలో రిజిస్ట్రేషన్ రాకపోవచ్చు.

యూసీ దరఖాస్తు నవంబర్‌లో వేసేటప్పుడు ఈ క్లాసును ప్లాన్‌లో స్ప్రింగ్ కింద చూపించి, ఫాల్‌లో, అంటే ఈ సెమిస్టర్‌లో, ఎందుకు లేదో అదనపు వివరాల పెట్టెలో రెండు వాక్యాలు రాయమనండి. క్లాసులు, మార్కుల తాజా వివరాలు యూసీకి ఇచ్చేందుకు జనవరిలో వచ్చే ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ ఫారంలో ఏ మార్పు ఉన్నా గడువులోపు నింపాలి. క్లాసు రద్దయిందన్న ఆ మెయిల్‌ను మాత్రం డిలీట్ చేయొద్దనండి.