జర్మనీ పరిహారం ముగిసింది 1932లోనా, 2010లోనా?

పర్లాకిమిడి చెల్లెమ్మా, బరంపురంలో కొన్న గైడులో 1932 అని, బాబు బడి నోట్సులో 2010 అని ఉందన్నావు కదా. కంగారుపడకు, రెండింటికీ ఆధారం ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద, గెలిచిన దేశాలు 1921లో వేసిన నష్టపరిహారం 13,200 కోట్ల బంగారు మార్కులు (మార్కు జర్మనీ నాణెం). అందులో 8,200 కోట్లు 'సి' బాండ్లు, ఉత్త కాగితం లెక్క. నిజంగా రాబట్టాలనుకున్నది 5,000 కోట్లే. ఇది చాలా గైడ్లు వదిలేస్తాయి, బాబు చేత తప్పకుండా రాయించు.

1932 లోజాన్ సమావేశంతో పరిహారం చెల్లింపులు ఆగిపోయాయి. అయితే వాటిని కట్టడానికే చెల్లింపు వాయిదాలను సడలించిన డాస్, యంగ్ పథకాల కింద విదేశాల్లో బాండ్లు అమ్మి అప్పు తెచ్చారు. శిస్తు కట్టడానికి షావుకారు దగ్గర అప్పు చేస్తే, శిస్తు మాఫీ అయినా షావుకారు వదలడు కదమ్మా! ఆ అప్పు వడ్డీలో కొంత భాగాన్ని, 1953 లండన్ ఒప్పందం రెండుగా చీలిన జర్మనీ మళ్లీ ఏకమయ్యేదాకా వాయిదా వేసింది. 2010 అక్టోబరు 3న తీరింది అదే.