నాలుగు స్కోర్ల సంగతి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలోని పల్లెటూరు. ఇంటికి దూరంగా యూనివర్సిటీ హాస్టల్లో ఉంటూ ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఈ మధ్య ఒక పరిశోధక విద్యార్థిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 26 ప్రశ్నల ‘జీవన నాణ్యత’ పత్రాన్ని మా చేత నింపించి, అడిగినవారికి స్కోర్లు చెప్పారు. వందకు నాకు శారీరక విభాగంలో 69, మానసికంలో 50, సామాజికంలో 75, పరిసరాల విభాగంలో 31 వచ్చాయి. గదిలో నలుగురం ఉంటాం, రాత్రి రెండింటి దాకా లైటు ఆరదు. స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు, రెండు నెలల మెస్ బిల్లు బాకీ ఉంది. పరీక్షల్లో మాత్రం మంచి మార్కులే వచ్చాయి. సరాసరి 56 అంటే అత్తెసరు పాసైనట్టా? నాకు మానసిక సమస్య ఉన్నట్టా?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆ సరాసరిని మరచిపోండి. ఈ పత్రంలో నాలుగు విభాగాలకూ నాలుగు స్కోర్లు విడివిడిగా ఇస్తారే తప్ప, వాటిని కలిపి ఒక్క అంకెగా చూడరు. ఇందులో పాసు మార్కులంటూ లేవు, జబ్బును నిర్ధారించే శక్తీ దీనికి లేదు. తాను బతుకుతున్న సంస్కృతి, విలువల నడుమ, తన లక్ష్యాలనూ ఆశలనూ ఆందోళనలనూ దృష్టిలో పెట్టుకొని, మనిషి తన స్థితిని తానే ఎలా భావిస్తున్నదో అదే జీవన నాణ్యత అని ఆ సంస్థ నిర్వచనం. మూడు పూటలా తిండి పెడుతున్నారు, ఇంకేం కావాలని పెద్దలు అడిగేది వేరే ప్రశ్న.

ఆ పత్రం అమరికను గమనిస్తే మీ సందేహం చాలావరకు తీరుతుంది. మొదటి రెండు ప్రశ్నలు మొత్తం జీవితం గురించి, ఆరోగ్యం గురించి. మిగిలిన 24లో శారీరకానికి ఏడు, మానసికానికి ఆరు, సామాజికానికి మూడు, పరిసరాలకు ఎనిమిది ప్రశ్నలు ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలు పరిసరాలకే దక్కాయి. భద్రత, డబ్బు, ఉండే చోటు, తీరిక, వైద్య సదుపాయం, రాకపోకలు వంటివన్నీ అందులోనివే. మీకు 31 వచ్చింది అక్కడే. నాలుగు మంచాల గది, పడని స్కాలర్‌షిప్, మెస్ బాకీ అన్న మూడు మాటల్లో ఆ 31కి కారణాలు మీరే రాశారు. వాటిని మీ మనోబలహీనతగా లెక్కవేసుకోవడం మీకు మీరు చేసుకునే అన్యాయం. లైటు సంగతి గదిలోని ముగ్గురితో మాట్లాడి ఒక వేళకు ఆర్పేలా ఒప్పందం చేసుకోండి, కుదరకపోతే వార్డెన్‌కు చెప్పండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏ దశలో ఆగిందో కాలేజీ కార్యాలయంలో కనుక్కొని, అది వచ్చేదాకా మెస్ బాకీకి గడువు కోరుతూ అర్జీ ఇచ్చి, దాని నకలు దగ్గర పెట్టుకోండి. ప్రాణాయామం మంచిదే, కానీ దానితో మెస్ బిల్లు తీరదు.

నిద్ర గురించిన ప్రశ్న శారీరక విభాగంలో ఉంటుంది. పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. రెండింటికి లైటు ఆరే గదిలో, పొద్దున్నే క్లాసు ఉన్నవారికి అది దొరకదు. నిద్ర చాలకపోతే ఏకాగ్రత సడలుతుంది, ఏకాగ్రత గురించిన ప్రశ్నేమో మానసిక విభాగంలో ఉంది. కాబట్టి మీ మానసిక స్కోరు 50 దగ్గరే ఆగడంలో కొంత భాగం ఆ లైటు ఖాతాలోదే కావచ్చు. ఈ పత్రం అడిగేది గడిచిన రెండు వారాల గురించి మాత్రమే గనుక, పరీక్షల ముందు నింపారా, తర్వాత నింపారా అన్నదీ చూడాలి.

అయితే దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోతే, స్కోరుతో నిమిత్తం లేకుండా కౌన్సెలర్‌ను కలవండి. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వందమంది లేదా అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మీ క్యాంపస్‌లో ఎవరున్నారని రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. ఈలోగా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా, రోజంతా ఉచితంగా పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ సామాజిక విభాగం 75 అన్న సంగతి మీరు పట్టించుకున్నట్టు లేరు. అది మూడే ప్రశ్నల మీద వచ్చిన అంకె గనుక ఒక్క జవాబు మారినా చాలా మారుతుంది; అయినా స్నేహితుల ఆసరా గురించిన ప్రశ్న అందులో ఉంది. వార్డెన్ దగ్గరికి వెళ్లేటప్పుడు వారిలో ఒకరిని వెంట తీసుకెళ్లండి.