నాన్న కాళ్లకు చోటు కావాలి, 90 వేల లోను తీసుకోమంటారా?

ప్రశ్న: మాది చిత్తూరు. 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది, లోను తీరిపోయింది. ఇంట్లో నేను, నా భార్య, అమ్మానాన్న, పదేళ్ల బాబు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, నెలకు రెండుసార్లు తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వెనక సీట్లో కాళ్లు పెట్టుకోవడానికి చాలట్లేదంటారు. కారును కాస్త సౌకర్యంగా మారుద్దామని షాపులో అడిగితే 90 వేలకు ఎస్టిమేట్ ఇచ్చారు. 15 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోను వస్తుంది. తీసుకోనా, లేక పెద్ద కారుకే వెళ్లిపోనా?

జవాబు: లోను వద్దు. పెద్ద కారు కూడా ఇప్పుడే వద్దు.

మీరు పంపిన ఎస్టిమేట్ చూశాను. అల్లాయ్ వీల్స్ 28 వేలు, టచ్‌స్క్రీన్ 22 వేలు, సబ్‌వూఫర్ (బేస్ స్పీకర్), యాంప్లిఫయర్ కలిపి 14 వేలు, సీటు కవర్లు 9 వేలు, సెవెన్‌డీ మ్యాట్లు ఆరున్నర వేలు, లైట్లు 6 వేలు, రివర్స్ కెమెరా నాలుగున్నర వేలు. ఇందులో మీ నాన్నగారి కాళ్లకు ఒక్క అంగుళమైనా కలిపేది ఏదో మీరే చెప్పండి. కలపకపోగా ఉన్నది కూడా తినేవి ఉన్నాయి. సబ్‌వూఫర్‌ను చాలాసార్లు ముందు సీటు కిందే పెడతారు, వెనక కూర్చున్నవాళ్ల పాదాలు దూరేది సరిగ్గా అక్కడికే. ఆ మందపాటి మ్యాట్లు నేలను పైకి లేపుతాయి, మోకాళ్లు ఇంకా పైకి వస్తాయి, డ్రైవర్ వైపు మ్యాటు జరిగితే పెడల్ కింద ఇరుక్కుంటుంది కూడా.

ఇప్పుడు లెక్క. 90 వేలకు నెలకు దాదాపు 3,120 కిస్తీ, మూడేళ్లలో వడ్డీయే 22 వేల పైన. రేపు కారు అమ్మితే కొనేవాడు ఏ సంవత్సరం మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని అడుగుతాడు గానీ మీ లైట్లకు, సబ్‌వూఫర్‌కు ధర కట్టడు.

మొదట పైసా ఖర్చు లేని పని చేయండి. నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు పూర్తిగా వెనక్కి జరిపి, ఆ వెనకే బాబును కూర్చోబెట్టండి. అమ్మగారు, మీ భార్య మిగతా చోట్లో సర్దుకోగలరు. మీ సీటుకు ఎత్తు పెంచే లివర్ ఉంటే, మీకు ఇబ్బంది లేనంత వరకు కొంచెం పైకి లేపండి, వెనకవాళ్ల పాదాలు సీటు కిందకి వెళ్తాయి. సీటు కింద గుడ్డలు, గొడుగులు, పాత వాటర్ బాటిళ్లు ఉంటే తీసేయండి (ఉంటాయి, అందరి కార్లలోనూ ఉంటాయి). సీటు పట్టాల కింద దిమ్మలు పెట్టి లేపుతామని ఎవరైనా మెకానిక్ అంటే మాత్రం ఒప్పుకోవద్దు, ప్రమాదం జరిగినప్పుడు మనిషి బరువంతా ఆపేది ఆ బోల్టులే.

కొనాలంటే కెమెరా, దానికి చిన్న స్క్రీన్, పలచటి రబ్బరు మ్యాట్లు చాలు. పది వేలకు అటూ ఇటూ అవుతుంది, చేతిలో ఉన్న డబ్బుతో సరిపెట్టండి. వైర్లు కోయకుండా కప్లర్‌తో (వైర్లను కలిపే ప్లగ్) బిగించమనండి. బిల్లు దాచి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీలో రాయించండి, కంపెనీతో రాని ఫిట్టింగులు అందులో లేకపోతే వాటికి క్లెయిమ్ రావడం కష్టం.

కట్టాలనుకున్న ఆ 3,120ని ఆర్‌డీలో (నెలనెలా బ్యాంకులో కట్టే డిపాజిట్) వేయండి. 6 శాతం వడ్డీ వచ్చినా మూడేళ్లకు లక్షా ఇరవై వేలు దాటుతుంది, అది పెద్ద కారుకు డౌన్ పేమెంట్‌లో కొంత భాగం. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సు కూడా పోయింది కాబట్టి అప్పుడు వెతికేటప్పుడు ఆ సైజును తీసిపారేయకండి. షోరూమ్‌కు నాన్నగారిని వెంట తీసుకెళ్లండి. డ్రైవర్ సీటును మీ ఎత్తుకు సరిచేసి, ఆ వెనక సీట్లో ఆయన్ని పది నిమిషాలు కూర్చోమనండి. ఎలక్ట్రిక్ కారైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి, కొన్నింటిలో నేల కింద బ్యాటరీ ఉండటంతో మోకాళ్లు పైకి లేస్తాయి, బయటికి కారు ఎంత పెద్దగా కనిపించినా సరే.