స్లోలో ఊగే ఇంజిన్: కార్బొరేటర్ జోలికి చివర్న వెళ్ళండి

ప్రశ్న: మాది 1996 మారుతి 800, కార్బొరేటర్ బండి. చోక్ తీసేశాక స్లోలో (ఎక్స్‌లేటర్ తొక్కనప్పుడు) ఇంజిన్ ఊగిపోతోంది. సిగ్నల్ దగ్గర ఎక్స్‌లేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతోంది. 40 దాటితే ఏ ఇబ్బందీ లేదు. మెకానిక్ రెండుసార్లు కార్బొరేటర్ క్లీన్ చేసి స్క్రూ తిప్పి స్లో పెంచారు. పదిరోజులకు మళ్ళీ మొదటికొచ్చింది. కార్బొరేటర్ కొత్తది వేయించమంటారా?
– ఓ పాఠకుడు, తణుకు

జవాబు: ఇప్పుడే వద్దు. స్లో పెంచడం వల్ల జబ్బు తగ్గలేదు, పైకి కనబడకుండా పోయిందంతే. ఆ స్క్రూ, గాలిని అదుపు చేసే త్రాటిల్ ప్లేటును కాస్త తెరిచి ఉంచుతుంది. ప్లేటు ఎక్కువగా తెరుచుకుంటే స్లో సర్క్యూట్‌ను దాటేసి పెట్రోలు వేరే రంధ్రాల్లోంచి వస్తుంది. అప్పుడు పెట్రోలు, గాలి పాళ్ళు సరిచేసే మిక్చర్ స్క్రూ ఎంత తిప్పినా తేడా కనిపించదు. తాళం తీశాక కూడా ఇంజిన్ రెండు మూడు సార్లు కొట్టుకుని ఆగుతోందంటే స్లో బాగా పెంచేశారని అనుమానించాలి.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఒక సిలిండర్ పనిచేయడం లేదా, మూడూ నీరసంగా ఉన్నాయా? మీ 796 సీసీ ఇంజిన్‌కు ఉన్నవే మూడు. ఒకటి మిస్ కొడితే మూడోవంతు బలం పోయినట్టే, ఊపు స్టీరింగ్ దాకా వస్తుంది. ఇంజిన్ వేడెక్కాక ఆపండి. ఒక ప్లగ్ వైరు తీసి, దానికి పాత ప్లగ్గు తొడిగి, ఆ ప్లగ్గు ఇనుప భాగం ఇంజిన్‌కు గట్టిగా ఆనేలా పెట్టి స్టార్ట్ చేయండి. చుట్టుపక్కల పెట్రోలు తడి ఉండకూడదు. వైరును ఊరికే గాల్లో వదిలేస్తే కాయిల్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ దెబ్బతింటాయి. ఇలా మూడింటినీ ఒక్కొక్కటిగా చూడండి. వైరు తీయగానే ఊపు పెరిగితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. తీసినా తేడా రాకపోతే దొంగ అక్కడే ఉన్నాడు.

ఆ సిలిండర్ ప్లగ్గు తీసి చూడండి. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్క్ రావడం లేదు. పొడి నల్లమసి అయితే పెట్రోలు ఎక్కువ, లేదా స్పార్క్ బలహీనం. నూనె జిడ్డయితే రింగులో వాల్వ్ సీళ్ళో. తెల్లగా కాలి ఉంటే ఆ సిలిండర్‌కు గాలి ఎక్కువ పోతోంది. ప్లగ్గును పక్క సిలిండర్‌లోకి మార్చండి. మిస్సింగ్ కూడా దానితో వెళితే తప్పు ప్లగ్గుదే. వెళ్ళకపోతే అలాగే వైరు మార్చి చూడండి. ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. ఉండాలి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల సన్నటి నల్లగీత కనిపిస్తే తుడిచి పెట్టకండి, మార్చేయండి. కరెంటు ఆ గీత వెంటే పరుగెడుతుంది. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే లీకయ్యే వైరు మీద నీలిమెరుపు కనబడుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లున్న (కరెంటును తెంచి కలిపే బిళ్ళలున్న) బండయితే వాటి గ్యాప్ 0.4 – 0.5 మి.మీ. మధ్య ఉందో చూడండి.

స్పార్క్ బాగుండీ ఆ సిలిండర్ పలకకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు ఒత్తిడి) చూడాలి. మూడు ప్లగ్గులూ తీసి, ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, కాయిల్ కరెంటు తప్పించి, ఎక్స్‌లేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. ఎక్స్‌లేటర్ తొక్కకుండా చూసిన రీడింగ్‌కు విలువ లేదు. ఒక సిలిండర్ మిగతావాటికన్నా చదరపు సెంటీమీటరుకు 1 కేజీ (సుమారు 14 పీఎస్ఐ) పైగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే హెడ్ గాస్కెట్. బండి ఎప్పుడైనా ఎల్‌పీజీ మీద నడిచి ఉంటే ఎగ్జాస్ట్ టాపెట్లు (వాల్వును నొక్కే భాగానికీ వాల్వుకూ మధ్య గ్యాప్) ముందు చూడమంటాను. గ్యాస్ మీద వాల్వ్ సీటు అరిగి వాల్వ్ పైకి జరుగుతుంది, గ్యాప్ తగ్గిపోతుంది, వాల్వ్ సరిగా మూసుకోదు. టాపెట్ టకటకమంటే అందరూ పట్టించుకుంటారు. ప్రమాదం మాత్రం చప్పుడు లేని టాపెట్‌తోనే. చల్లటి ఇంజిన్‌కు ఒక కొలత, వేడి ఇంజిన్‌కు ఇంకో కొలత ఉంటాయి. ఏ స్థితిలో సెట్ చేస్తున్నారో మెకానిక్‌ను అడగండి.

మూడు సిలిండర్లూ ఒకేలా నీరసంగా ఉంటే గాలి లీకు వెతకాలి. మీ బండి 40 దాటాక బాగుండటం దీనికి సరిపోతుంది. స్లోలో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందులో సన్న లీకు కూడా పెద్ద వాటా అవుతుంది. త్రాటిల్ తెరిచాక అదే లీకు లెక్కలోకి రాదు. కార్బొరేటర్ కింద ఉండే మందపాటి ఇన్సులేటర్, దాని గాస్కెట్లు, మానిఫోల్డ్ గాస్కెట్, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళే సన్న గొట్టం, బ్రేక్ బూస్టర్ ఉంటే దాని గొట్టం చూడండి. గొట్టాలను ఒక్కొక్కటిగా ప్లయర్‌తో నొక్కిపట్టండి. నొక్కగానే ఊపు తగ్గితే లీకు అటువైపే. జాయింట్ల మీద సీసాతో నీళ్ళు సన్నగా చల్లినా ఇంజిన్ పాట మారుతుంది, ప్లగ్ వైర్లు మాత్రం తడపొద్దు. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లి చూసేవాళ్ళున్నారు. వాళ్ళను బండి దగ్గరికి రానివ్వకండి. మానిఫోల్డ్‌లో ఇంజిన్ పీల్పును కొలిచే వాక్యూమ్ గేజ్ దొరికితే సగం శ్రమ తప్పుతుంది. మీ తణుకులో ముల్లు 17 – 21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో అదే ఇంజిన్ అంగుళంన్నర పైగా తక్కువ చూపిస్తుంది, అది జబ్బు కాదు. ముల్లు క్రమం తప్పకుండా దిగి లేస్తుంటే ఒక వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు.

ఇవన్నీ సరిగా ఉంటేనే కార్బొరేటర్. దానికి కరెంటు వైరుతో సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వ్) ఉంటే తాళం ఆన్ చేసినప్పుడు ‘టిక్’ మనాలి. అనకపోతే స్లోకు పెట్రోలు అందదు, కాలు తీయగానే ఆగిపోతుంది. ముందు దాని వైరు చూడండి, ఊడి ఉన్నా ఇదే లక్షణం. స్లో జెట్‌ను గాలితో ఊదాలి, తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై మైలేజీ పోతుంది. తర్వాత వేడి ఇంజిన్ మీద మిక్చర్ స్క్రూతో ఇంజిన్ అత్యంత చురుగ్గా తిరిగే చోటు పట్టుకుని, స్లో స్క్రూతో వేగం నిమిషానికి 850 – 900 చుట్ల దగ్గరికి దించండి.

ఇంకో మాట. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది ఎక్కువగా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు. మామూలు పెట్రోలుకు కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, దీనికి దాదాపు 13.5 చాలు. పాత జెట్లు ఆ తేడాను సర్దుకోలేవు, మిక్చర్ పలచనవుతుంది. మిక్చర్ స్క్రూ కాస్త బయటికి తిప్పితే స్లో వరకు సర్దుకుంటుంది. పాత రబ్బరు పైపులు మాత్రం మార్పించండి.

పొల్యూషన్ చీటీ పారేయకండి. మీ బండి వయసుకు సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం, హెచ్‌సీ (కాలని పెట్రోలు ఆవిరి) 1500 పీపీఎం దాకా అనుమతి. సీఓ ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ పోతోంది. సీఓ తక్కువగా ఉండి హెచ్‌సీ మాత్రం బాగా పెరిగితే మిస్సింగో, గాలి లీకో. గ్యారేజీలో గంటసేపు పట్టే అనుమానం ఆ చీటీతో తీరుతుంది.

ప్రశ్న: 2004 ఆల్టో, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే బండి). స్లోలో ఇంజిన్ వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంది. ప్లగ్గులు కొత్తవే.
– ఓ పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: పై జవాబులోని గాలి లీకే ఇక్కడ వేషం మారుస్తుంది. మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్ ఉన్న మీ బండిలో కంప్యూటర్ ఆ దొంగగాలిని కూడా లెక్కేసి పెట్రోలు పోస్తుంది. అందుకే ఆగిపోవడానికి బదులు వేగం పెరిగి ఊగుతుంది. ముందు గొట్టాలు చూడండి. తర్వాత త్రాటిల్ బాడీ, ఐడిల్ కంట్రోల్ వాల్వ్ తీయించి త్రాటిల్ క్లీనర్‌తో మసి తుడిపించండి. త్రాటిల్ ప్లేటు ఆగే స్క్రూ మీద మాత్రం ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి. అది ఫ్యాక్టరీ సెట్టింగ్, కదిలిస్తే సెన్సర్ లెక్క తప్పుతుంది.

ప్రశ్న: పాత డీజిల్ జీపు, పొద్దున్నే దడదడలాడి తెల్లపొగ వదులుతుంది. వేడెక్కితే మామూలే.
– ఓ పాఠకుడు, పాడేరు

జవాబు: చలి ఊళ్ళో గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌కు ముందు సిలిండర్‌ను వేడిచేసేవి) ముందు చూడాలి, ఒకటి పోయినా ఇదే లక్షణం. అవి బాగుంటే ఇంజిన్ స్లోలో ఉండగా ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటిగా సగం చుట్టు వదులు చేసి వెంటనే బిగించండి. ఏది వదిలినా దడ పెరగకపోతే ఆ ఇంజెక్టర్‌ను టెస్టింగ్‌కు పంపండి. నట్టు మీద గుడ్డ కప్పండి, చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఇది పాత పంపు ఇంజిన్లకే. సీఆర్‌డీఐ (కొత్తరకం కామన్ రైల్ డీజిల్) బండిలో పైపు ఒత్తిడి 1000 బార్ దాటుతుంది, దానికి ఈ పరీక్ష అస్సలు చేయకూడదు.