మెదడువాపు తగ్గింది, మనిషి మాత్రం మునుపట్లా లేదు.. ఇంతేనా డాక్టర్?

ప్రశ్న: నా భార్యకు 31 ఏళ్లు. పది నెలల కిందట ఉన్నట్టుండి నిద్ర పోవడం మానేసింది, లేనిపోని అనుమానాలు పెట్టుకుంది. మానసిక సమస్య అనుకున్నాం. వారం తిరక్కుండానే ఫిట్స్ వచ్చాయి, మాట ఆగిపోయింది. వెన్ను నుంచి నీరు తీసి పరీక్షిస్తే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ యాంటీబాడీలు ఉన్నాయని, ఇది ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేయడంతో వచ్చే మెదడువాపు) అని చెప్పారు. ఆ దాడిని తగ్గించడానికి స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్, ఆ తర్వాత రిటుక్సిమాబ్ ఇచ్చారు. ఏడు వారాలకు ఇంటికొచ్చింది. ఇప్పుడు నడుస్తోంది, మాట్లాడుతోంది. చూసినవాళ్లంతా ‘బాగైపోయిందిగా’ అంటున్నారు. కానీ పొయ్యి వెలిగించి మర్చిపోతుంది. అడిగిందే మళ్లీ అడుగుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తట్టుకోలేదు. సాయంత్రమయ్యేసరికి నీరసంతో కూలబడుతుంది. ఎంఆర్ఐ నార్మల్ అన్నారు. అకౌంట్స్ పని చేసే మనిషి. ఇక ఇంతేనా? జ్ఞాపకశక్తి మాత్రలు వాడొచ్చా? ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లొచ్చు? ఒక్కోసారి నాకూ కోపం ఆగడం లేదు.

సమాధానం: ఇంతే అని పది నెలలకే చెప్పడానికి లేదు. ఈ జబ్బులో పది నెలలంటే ఇంకా దారి మధ్యలో ఉన్నట్టే. ఐసీయూలో ఉన్నన్నాళ్లూ ఇంటివాళ్లు గుండె చిక్కబట్టుకుని నిలబడతారు. ఇంటికి తెచ్చుకున్నాక, అందరూ ‘బాగైపోయింది’ అనడం మొదలుపెట్టాక, అసలు కష్టం ఇంట్లోవాళ్లకే కనపడుతుంది. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలామంది అలిసిపోయేది ఈ దశలోనే. మీరు చూస్తున్నది నిజం. ఆమె బద్ధకించడం లేదు, మొండికేయడమూ లేదు.

ముందు లోపల ఏం జరిగిందో చెబుతాను. ఈ జబ్బును 2007లో న్యూరాలజిస్ట్ జోసెప్ డాల్మావ్ బృందం గుర్తించింది. శరీరం తయారుచేసిన యాంటీబాడీలు నాడీకణాల పైన ఉండి సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్లకు అతుక్కుంటాయి. దాంతో కణం ఆ రిసెప్టర్లను లోపలికి లాగేసుకుంటుంది. కణం చాలావరకు చచ్చిపోదు, పని మాత్రం ఆగిపోతుంది. చికిత్సతో యాంటీబాడీలు తగ్గాక రిసెప్టర్లు మళ్లీ పైకి వస్తాయి. ఇంత తీవ్రంగా జబ్బుపడి కూడా ఎక్కువమంది లేచి తిరగగలగడానికి కారణం ఇదే. అయితే కొత్త విషయం నేర్చుకోవాలన్నా, కణానికీ కణానికీ మధ్య బంధం గట్టిపడాలన్నా ఈ రిసెప్టర్లే ముఖ్యం. అవి తిరిగి వచ్చినా మెదడులోని అల్లిక మొత్తం సర్దుకోవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఎంఆర్ఐలో కనపడేది మెదడు ఆకారం. ఈ జబ్బులో మామూలు ఎంఆర్ఐ నార్మల్‌గా రావడం చాలా సాధారణం. కాబట్టి ఆ రిపోర్టు చూపించి ‘నీకేం లేదు’ అని ఆమెతో ఎవరూ అనకుండా చూడండి.

కోలుకోవడం చాలామందిలో వెనక నుంచి ముందుకు జరుగుతుంది. జబ్బు మొదట చెడగొట్టింది ఆమె ప్రవర్తనను, ఆలోచనను. మాట, స్పృహ ఆ తర్వాత పోయాయి. తిరిగి వచ్చేటప్పుడు స్పృహ, కదలికలు, మాట ముందు వస్తాయి. పనిని ఒక వరసలో పెట్టుకోవడం, కోపాన్ని ఆపుకోవడం, నలుగురిలో సందర్భాన్ని పట్టుకోవడం చివర్న వస్తాయి. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది ఆ చివరి భాగం.

అంకెల గురించి ఒక మాట. 2013లో 577 మంది రోగులతో వచ్చిన పెద్ద అధ్యయనంలో, రెండేళ్లకు దాదాపు 81 శాతం మంది ‘మంచి స్థితి’కి చేరారు. జబ్బు మొదలైన ఏడాదిన్నర వరకు మెరుగుదల కొనసాగింది. ధైర్యం ఇచ్చే లెక్కే. కానీ ఆ ‘మంచి స్థితి’ని కొలిచిన స్కేలు ముఖ్యంగా చూసేది నడవగలరా, తమ పనులు తాము చేసుకోగలరా అన్నది. పద్దులు సరిచూడగలరా అని అది అడగదు. జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను విడిగా పరీక్షించిన అధ్యయనాల్లో కొందరికి ఏళ్ల తర్వాత కూడా లోటు మిగిలినట్టు తేలింది. అందుకే నూటికి నూరుపాళ్లు మునుపట్లా అవుతుందని మీకు మాటివ్వలేను. ఇప్పుడున్న స్థితే చివరిది కాదని మాత్రం గట్టిగా చెప్పగలను.

మీరు రాసినవాటిని జాగ్రత్తగా చూస్తే, అన్నీ మతిమరుపు కాదు. ఇద్దరు మాట్లాడితే తట్టుకోలేకపోవడం, మరో పని గుర్తొస్తే పొయ్యి సంగతి జారిపోవడం ఏకాగ్రతకు సంబంధించినవి. మాట చెవిన పడినా మనసు పట్టుకోకపోతే, గుర్తుంచుకోవడానికి లోపల ఏమీ ఉండదు. అందుకే అడిగిందే అడుగుతుంది. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే ఏకాగ్రత లోపానికి చుట్టూ ఉన్నవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. ఇక ఆసుపత్రిలో గడిచిన వారాల జ్ఞాపకం సాధారణంగా తిరిగి రాదు. ‘ఆ రోజు నువ్వేం చేశావో గుర్తుందా’ అని పరీక్ష పెట్టకండి. తనే అడిగితే నెమ్మదిగా, భయపెట్టకుండా చెప్పండి.

భారమంతా జబ్బు మీదే వేసే ముందు సరిచేయదగ్గ కారణాలు వెతకాలి. ఫిట్స్ మందులు వాడుతుంటే వాటి పేర్లు చూడండి. లెవెటిరాసెటమ్ కొందరిలో చిరాకు పెంచుతుంది. టోపిరామేట్‌తో మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది. నిద్రమాత్రలు మబ్బుగా ఉంచుతాయి, స్టెరాయిడ్లు నిద్రను చెడగొడతాయి. వీటిలో దేన్నీ సొంతంగా ఆపొద్దు. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపితే మళ్లీ ఫిట్స్ రావచ్చు, స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకు రావచ్చు. డాక్టర్‌తో మాట్లాడి మార్పించుకోవచ్చు. బయటకు కనపడని ఫిట్స్ ఉన్నాయేమో చూడటానికి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), దాంతోపాటు థైరాయిడ్, బీ12, సోడియం పరీక్షలు చేయించాలి. డిప్రెషన్ ఉందా అన్నదీ చూడాలి. ఇంత పెద్ద జబ్బు తర్వాత అది వస్తే ఆశ్చర్యం లేదు, దానికి చికిత్స ఉంది.

తర్వాత క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర పూర్తి న్యూరోసైకాలజీ పరీక్ష చేయించండి. పది నిమిషాల్లో అడిగే ప్రశ్నలకు చదువుకున్నవాళ్లు తేలిగ్గా జవాబులు చెప్పేస్తారు, లోపం బయటపడదు. పూర్తి పరీక్షకు గంటల సమయం పడుతుంది. నిద్ర సరిపోయిన రోజు పొద్దున్నే పెట్టించుకోండి. ఏది బాగుందో, ఏది తగ్గిందో విడివిడిగా తెలుస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చేస్తే ఎంత ముందుకొచ్చిందో కాగితం మీద కనపడుతుంది.

ఇంట్లో మీరు ఈరోజు నుంచే చేయగలిగినవి ఉన్నాయి. ఒకసారికి ఒక్క మాట, ఒక్క పని. ఆమెతో మాట్లాడేటప్పుడు టీవీ ఆపేయండి. డైరీ ఒక్కటే పెట్టుకోవాలి, దాని చోటు మారకూడదు. పొయ్యి వెలిగించగానే ఫోన్‌లో అలారం పెట్టే అలవాటు చేయండి. అలారాల మీద ఆధారపడితే మెదడు బద్ధకిస్తుందన్నది అపోహ. కొత్త విషయం నేర్పేటప్పుడు ‘ఊహించి చెప్పు’ అనకుండా సరైన జవాబు మీరే ముందు చెప్పి, నిమిషం తర్వాత ఒకసారి, ఐదు నిమిషాలకు ఒకసారి, పావుగంటకు ఒకసారి అడగండి. తప్పు జవాబు చెప్పనిస్తే ఆ తప్పే మనసులో నాటుకుపోతుంది. విశ్రాంతి అలిసిపోయాక కాదు, అలిసిపోక ముందే ఇవ్వాలి. మధ్యాహ్నం చిన్న విరామం పెడితే సాయంత్రం కొంత తేలికవుతుంది. రోజూ నడక, వేళకు నిద్ర తప్పనిసరి. ఫోన్‌లో మెదడుకు పదును పెట్టే ఆటలంటారు చూశారా, వాటితో ఆ ఆటలో నేర్పు పెరుగుతుందే తప్ప రోజువారీ పనుల్లో పెద్దగా తేడా రాదు.

జ్ఞాపకశక్తి మాత్రలు వద్దు. ఈ జబ్బు తర్వాత వచ్చే మతిమరుపును తగ్గిస్తుందని రుజువైన మందు లేదు. పైగా మతిమరుపుకి ఇచ్చే మెమాంటిన్ అనే మందు పనిచేసేది ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను అడ్డుకునే. ఆమెలో దెబ్బతిన్నవే ఆ రిసెప్టర్లు. ఎవరికో బాగా పనిచేసిందని తెచ్చి వేయకండి.

ఉద్యోగానికి తేదీ నేను చెప్పలేను, న్యూరోసైకాలజీ పరీక్ష చెబుతుంది. ఒకేసారి పూర్తి రోజుకు పంపితే తప్పులు జరుగుతాయి, ఆ తప్పులతో ధైర్యం పోతుంది. మళ్లీ తెచ్చుకోవడం కష్టమయ్యేది ఆ ధైర్యమే. రోజుకు రెండు గంటలతో, గోల లేని చోట, గడువు లేని పనితో మొదలుపెట్టాలి. చేసిన లెక్కను మరొకరు సరిచూడాలి. రెండు మూడు వారాలు నిలదొక్కుకున్నాకే సమయం పెంచాలి. మర్నాడు లేవలేకపోతే ఒక మెట్టు వెనక్కి రావాలి. ఫిట్స్ వచ్చాయి కాబట్టి న్యూరాలజిస్ట్ సరేననేదాకా వాహనం నడపకూడదు.

జబ్బు తిరగబెట్టే అవకాశం కూడా ఉంది. పైన చెప్పిన అధ్యయనంలో రెండేళ్లలో 12 శాతం మందికి తిరగబెట్టింది. వచ్చిన శక్తులు కొద్ది రోజుల్లోనే వెనక్కి పోవడం, మళ్లీ నిద్ర పోకపోవడం, అనుమానాలు, మాట తగ్గడం, ఫిట్స్, నోరు లేదా చేతులు వింతగా కదలడం.. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. నిద్ర చాలని రోజు కాస్త మందకొడిగా ఉండి, విశ్రాంతితో సర్దుకుంటే అది వేరు. రక్తంలో యాంటీబాడీలు కోలుకున్నాక కూడా కొంతకాలం కనపడొచ్చు, ఆ ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. ఈ వయసు ఆడవారిలో అండాశయంలో ఉండే టెరటోమా అనే గడ్డ ఈ జబ్బును రేపవచ్చు. ఆ గడ్డ కోసం స్కాన్ చేశారో లేదో, మళ్లీ ఎప్పుడు చేయాలో అడిగి తెలుసుకోండి.

ఇది చదివే మరికొందరి ఇళ్లలో ఎల్‌జీఐ1 అనే యాంటీబాడీతో వచ్చిన ఎన్‌సెఫలైటిస్ ఉండొచ్చు. అది ఎక్కువగా 50 దాటినవారికి వస్తుంది. ముఖం, చెయ్యి ఒక్కక్షణం బిగుసుకుంటాయి, సోడియం తగ్గుతుంది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం కుంచించుకుపోవచ్చు. ఆ దారి వేరు, ఇక్కడ చెప్పిన లెక్కలు వారికి వర్తించవు.

మీ కోపం గురించి రాశారు, దాచకుండా రాసినందుకు సంతోషం. పది నెలలుగా మీరొక్కరే కాపలా కాస్తున్నట్టున్నారు. వారంలో కొన్ని గంటలైనా ఇంకొకరు ఆమెతో ఉండేలా ఏర్పాటు చేసుకోండి. కోపం వచ్చినప్పుడు పక్క గదిలోకి వెళ్లి, తగ్గాక రండి. వచ్చే అపాయింట్‌మెంట్ లోపు రెండు వారాలపాటు రోజుకు రెండు వాక్యాలు రాయండి. ఏ వేళకు బాగుంది, ఏ వేళకు తడబడింది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయింది. ఆ కాగితం, మందుల చీటీ రెండూ డాక్టర్ ముందు పెట్టండి.